నల్లటి చెయ్యి తీసేశాం

పిల్లల మీద జరిగే లైంగిక వేధింపుల గురించి వాట్సాప్‌లో తిప్పడానికి మూడేళ్ల క్రితం ఒక పోస్టర్ చేశాను. మూలన ముడుచుకు కూర్చున్న పాప, గోడ మీద పెద్ద నల్లటి చేతి నీడ, పైన ఎర్రటి అక్షరాలు. బాగా కుదిరిందనుకున్నాను. బయటికి వదిలే ముందు ఒక బస్తీ అంగన్‌వాడీలో తల్లులకు చూపించాం. అక్కడి ఆయమ్మ ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇసొంటోడు మా ఇండ్లకు రాడు మేడం. వచ్చేటోడు చాక్లెట్లు పట్టుకొస్తడు. పోరలు మామా అనుకుంట ఉరికిపోయి మీద పడ్తరు" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

ఆ రాత్రే ఆ చెయ్యి తీసేశాను.

ఆమె చెప్పింది లెక్కల్లోనూ ఉంది. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను అడిగారు. 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు.

మన పత్రికల శీర్షికల్లో వేధించినవాడు కీచకుడు, కామాంధుడు, మానవ మృగం. ఆ కోపం న్యాయమైనదే. కానీ మృగం కోసం వెతికే కళ్లకు, పండగకు కొత్త బట్టలు తెచ్చే బంధువు కనిపించడు. పిల్లను గురించి రాసేటప్పుడేమో 'జీవితం నాశనమైంది' అంటాం. ఆ మాట చదివిన పదేళ్ల పిల్ల ఇక నోరెందుకు విప్పుతుంది? నా వీడియోల స్క్రిప్టుల్లోంచి ఈ మాటలన్నీ కొట్టేస్తాను. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనే మాట వాడొద్దని చెప్పినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆ వీడియోల్లో ఉన్నది ఒక బిడ్డ మీద జరిగిన దోపిడీ, నేరం. పేరు సరిగ్గా పెట్టకపోతే చూసేవాడికి అది కూడా ఒక రకం సినిమా అయిపోతుంది.

మాటల్లో అన్నిటికంటే నన్ను కష్టపెట్టింది ఇంటి భాష. 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' అని రాసిచ్చేవాళ్లం. ఏ అమ్మా పిల్లాడితో 'స్పర్శ' అనదు. పైగా చక్కిలిగింతలతో మొదలైనది పిల్లాడికి చెడుగా అనిపించకపోవచ్చు కూడా. చేతులు, కాళ్లు, ముక్కు, చెవులు అని వరసగా నేర్పించి, అక్కడికి రాగానే 'షేమ్ షేమ్' అంటాం. ఆ చోటుకు పేరే సిగ్గు అయినప్పుడు, అక్కడ ఎవరో చెయ్యి వేశారని చెప్పడానికి ఆ బిడ్డకు మాట ఏది? అందుకే ఇప్పుడు పెద్దవాళ్లకు చేసే వీడియోలు స్నానం చేయించే వేళతో మొదలుపెడుతున్నాను. పిల్లలకు ఒక్క మాటే: 'అమ్మకు చెప్పకు అని ఎవరైనా అన్నారంటే, అది అమ్మకు ముందు చెప్పాలి.'

చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక వీడియో కింద 'మీ అనుభవం రాయండి' అని అడిగాను. రాత్రి పదకొండు దాటాక ఒకామె తన చిన్నతనంలో జరిగిందంతా, ఊరి పేరుతో సహా రాసింది. కాసేపటికే ఆ ఊరివాళ్లెవరో 'నువ్వు ఫలానావాళ్ల అమ్మాయివి కదా?' అని కింద రాశారు. నేను పొద్దున్న ఆరింటికి చూశాను. దాదాపు ఏడు గంటలు ఆమె అక్కడ ఒంటరిగా ఉంది. 2012 పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ బిడ్డ పేరు, ఊరు, బడి, ఫోటో ఏదీ మీడియా బయటపెట్టకూడదంటుంది. ఆ కాపలా నా పేజీకి నేను పెట్టుకోలేదు. ఆమెకు క్షమాపణ రాశాను, జవాబు రాలేదు. అప్పటి నుంచి కామెంట్లు మూసేస్తున్నాం. మెసేజీలకు రాత్రిపూట బదులిచ్చే కౌన్సెలర్ దొరికితేనే వీడియో వదులుతాం, లేకపోతే ఆపేస్తాం. డబ్బిచ్చేవాళ్లు తేదీ గురించి గట్టిగా అడిగినా సరే.

కిందటి నెల చేసిన వీడియో నలభై సెకన్లే. బిడ్డ వచ్చి చెప్పిన మొదటి నిమిషంలో మనం ఏమనాలి అన్నదే విషయం. గొంతు కోసం మళ్లీ ఆ ఆయమ్మ దగ్గరికే వెళ్లాం. రెండుసార్లు కాగితం చూసి చదివింది, పాఠం అప్పజెప్పినట్టుంది. మూడోసారి కాగితం పక్కన పడేసి, ఒళ్లో నిద్రపోతున్న మనవరాలి తల నిమురుతూ అంది: "చెప్పి మంచి పని జేసినవ్ బిడ్డా. తప్పు నీది కాదు. నేనున్న."

వెనక వంటింట్లో కుక్కర్ కూత వినిపిస్తోంది. మా ఎడిటర్ దాన్ని తీసేద్దామన్నాడు, వద్దన్నాను. ఆ కూత ఆగాక తెర మీద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ వస్తుంది.