ఆవగింజంత నిమ్మకాయ

పోయిన ఆదివారం పొద్దున్నే పోపుల పెట్టెలోంచి గుప్పెడు ఆవాలు కాజేశాను. వాటిలో గుండ్రంగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని ఏరి, గుండుసూది మొనకు అతికించి, పసుపు రంగులో ముంచి ఆరబెట్టాను. పాత టూత్‌బ్రష్ పోచల్ని మూడేసి మిల్లీమీటర్లకు ఏడు కత్తిరించి ఆకుపచ్చ రంగు పూశాను. అన్నిటినీ ఒక దారప్పోగుకు అతికించేసరికి భోజనాల వేళయింది. నిమ్మకాయ, ఏడు మిరపకాయలు తయారు. నేను కడుతున్న అంబాసిడర్ టాక్సీ ముందు బంపరుకు వేలాడదీసే దిష్టి అది. బండి పొడవు 18 సెంటీమీటర్లు.

ఆవగింజే ఎందుకంటే, లెక్క అలా వచ్చింది. నేను కట్టేది 1:24 స్కేలు. అసలు బండిలో అడుగున్నది ఇక్కడ అరంగుళం. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయను 24తో భాగిస్తే 1.7 మిల్లీమీటర్లు. ఆ సైజు సామాను అమ్మే దుకాణాలు జపాన్‌లో ఉంటాయేమో గానీ, మనకు పోపుల పెట్టే దిక్కు. ఈ స్కేళ్ల సంగతి అడిగితే ఒక్కో దేశానిదీ ఒక్కో గోల. అమెరికా కిట్లు చాలావరకు 1:25. షోకేసుల్లో కనిపించే లోహపు కార్ల 1:43 అయితే అసలు కార్ల లెక్కే కాదు, అడుక్కి ఏడు మిల్లీమీటర్ల చొప్పున ఇంగ్లండులో చేసిన బొమ్మరైళ్ల పక్కన నిలబెట్టడానికి పుట్టిన కొలత.

ఈ పిచ్చి నాకు అంటించింది మా బామ్మర్ది. 12 ఏళ్ల కిందట సింగపూర్ నుంచి వస్తూ, "నీకు కార్లంటే ఇష్టం కదా బావా" అని ఒక టామియా కిట్ చేతిలో పెట్టాడు. పెట్టె తెరిస్తే కారు లేదు. ఫ్రేములకు చింతకాయల్లా వేలాడుతున్న ప్లాస్టిక్ ముక్కలున్నాయి. తలుపు గడియలు, వైపర్లు, సగం సగం ఇంజను. కత్తెరతో తుంచి, మొటిమల్లా మిగిలినచోట అరగదీసి, ఒకదానికొకటి అతికించుకుంటూ పోవాలి. ఆ టామియా కథ కూడా నాకు నచ్చుతుంది. షిజువోకాలో 1946లో కలప కోసే మిల్లుగా మొదలై, కొయ్యబొమ్మల కిట్లు చేసి, 1960లో ప్లాస్టిక్‌లోకి దిగారు. 1970లలో పోర్షే కారు మోడల్ చేయడానికి ఫొటోలూ డ్రాయింగులూ చాలక, కంపెనీ పెట్టినాయన కొడుకు షున్సకు టామియా నిజమైన పోర్షే 911నే కొని, మరమరా విప్పించేశాడు. బొమ్మ కోసం బండి విప్పినవాడి కిట్ చేతిలో పెట్టుకుని, నేను మాత్రం కాగితం మీద అంకెలు చూసి అతికించేశాను.

ఫలితం ఆ శ్రావణంలోనే తెలిసింది. బయట ముసురు. ఎర్ర రంగు స్ప్రే కొట్టి గంటయ్యాక చూస్తే కారంతా తెల్లగా, విభూతి రాసినట్టుంది. ఎందుకలా అయిందో బోధపడక దాన్ని చెప్పుల పెట్టెలో పెట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. బెజవాడలో ఉండి రంగు గురించి ఇంకెవర్ని అడుగుతాం? డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో మేస్త్రీ ఒక లారీ క్యాబిన్‌కు పుట్టీ పెడుతున్నాడు. నవ్వుతాడనుకున్నాను. చేతులు తుడుచుకుని, కారును అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముసురులో డ్యూకో ఎవరైనా కొడతారా సార్?" అన్నాడు. రంగులోని తిన్నరు తొందరగా ఆవిరైతే ఆ చోటు చల్లబడుతుంది. గాలిలోని తేమ వచ్చి పచ్చి రంగు మీద దిగుతుంది. అదే ఆ తెలుపు. తడి ఉన్న రోజు మెల్లగా ఆరే తిన్నరు కలపాలి, లేదా పని మానేసి టీ తాగాలి. ఇదీ ఆయన పాఠం. వాటర్ పేపరు ఏ నంబరు తర్వాత ఏ నంబరు పట్టాలో, రబ్బింగ్ కాంపౌండు ఎంత తక్కువ వాడితే అంత మంచిదో ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. ఫీజు రెండు టీలు.

ఆయనకూ చిక్కనిది ఒకటుంది. రంగు మందం. కారు మీద రంగు మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. నా బొమ్మ మీదా అంతే మందంగా కొడితే, అసలు బండి మీద రెండున్నర మిల్లీమీటర్ల పూత పూసినట్టు లెక్క. ఇంకా ఘోరం తలుపు సందు. అసలు బండిలో అయిదు మిల్లీమీటర్ల సందు నా దగ్గర 0.2 మిల్లీమీటర్లు. అటు అంచుకు పదో వంతు, ఇటు అంచుకు పదో వంతు రంగు పట్టిందంటే సందు పూర్తిగా పూడిపోయినట్టే, తలుపు గోడలో కలిసిపోయినట్టే. అందుకే రంగుకు ముందే ఆ గీతల్ని సూదితో లోతు చేసుకుంటాం. ఎయిర్‌బ్రష్‌తో పొగలాంటి పూతలు వేస్తాం. మనిషిని చిన్నగా చేసినంత మాత్రాన చొక్కా గుడ్డ పలచనవుతుందా? రంగుదీ అదే తంతు. బరువు మాత్రం మరీ వింతగా తగ్గుతుంది. పొడవు 24 రెట్లు తగ్గితే బరువు 13,824 రెట్లు తగ్గాలి. టన్ను పైచిలుకు అంబాసిడర్ 80 గ్రాములకు రావాలి.

అంబాసిడర్ ఎందుకంటారా? నేను పెళ్లికొడుకునై ఎక్కిన బండి కనక. ఇతర కార్లు ఇంకొకరు కడతారు కనక. తిరనాళ్లలో వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే బొమ్మ అంబాసిడర్లు ఉంటాయి, కొన్నాను కూడా. కొలిచి చూస్తే పొడవు ఒక స్కేలు చెబితే వెడల్పు ఇంకో స్కేలు చెప్పింది. పిల్లలకది చాలు, నాకు చాలదు. టేపు పట్టుకుని మళ్లీ ఆటోనగరే వెళ్లాను. ఒక షెడ్డు వెనక చక్రాల్లేకుండా ఇటుకల మీద నిలబెట్టిన అంబాసిడర్ దొరికింది. పొడవు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662, ఎత్తు 1,593. కాగితం మీద రాసుకుని చాలాసేపు అలాగే చూశాను. ఎత్తుకూ వెడల్పుకూ బెత్తెడు కూడా తేడా లేదు! వెనక్కి వెళ్లి బండిని ఎదురుగా చూస్తే, నిజమే, చతురస్రమే. తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి తల వంచకుండా ఎలా కూర్చునేవాడో, అందులో అంతమంది ఎలా పట్టేవాళ్లమో అప్పటికి అర్థమైంది. ఆ బండిలో వందసార్లు ఎక్కి ఉంటాను. ఒక్కసారీ చూడలేదు.

బాడీ కోసం కొండపల్లి నుంచి తెల్లపొణికి దుంగ ముక్క తెచ్చుకున్నాను. కత్తికి వెన్నలా తెగే కొయ్య. బొమ్మల వాళ్లు ముక్కలు అతికి, అతుకులు రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపిన మక్కుతో పూడుస్తారు. మోడల్ వాళ్లం ట్యూబులోంచి పుట్టీ తీసి చేసేది అదే పని. రెండు నెలల ఆదివారాలు పెట్టి అచ్చు చెక్కాను. వేడి చేసిన ప్లాస్టిక్ షీటును దాని మీద అదిమితే బాడీ వస్తుంది. షీటు మందం మిల్లీమీటరే అయినా స్కేలులో అది 24 మిల్లీమీటర్లు, కాబట్టి అచ్చును ఆ మేరకు బక్కగా చెక్కాలి. నేను మరిచిపోయాను. మొదటి బండి గున్న ఏనుగులా వచ్చింది. రెండోది పైకప్పు మూలల్లో చిరిగింది. మూడోది నిలిచింది.

అద్దాలు ఫెవికాల్‌తోనే అతికించాలి. క్షణంలో అంటుకునే జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం పొగచూరుతుంది. క్రోమ్ పట్టీలకు స్వీట్ల మీద వేసే వెండిరేకు ప్రయత్నించాను. ఊపిరికే చిరిగి ముక్కుకు అంటుకుంది. చివరికి వంటింటి అల్యూమినియం రేకే ఆదుకుంది. తెలుపు కోసం సీసాలోంచి తీసిన తెలుపు పూస్తే బండి సున్నం కొట్టిన గోడలా కనిపించింది. చిటికెడు బూడిదరంగు కలిపాకే బండి బండిలా ఉంది. కొందరు మోడలర్లు టాక్సీ అనగానే తుప్పూ మట్టీ దట్టంగా పులిమేస్తారు, దానికి వెదరింగ్ అని పేరు పెడతారు. నాకది నచ్చదు. టాక్సీ డ్రైవరు పొద్దున్నే బండి కడగనిదే బోణీ చేసేవాడు కాదు. మట్టి ఉంటే చక్రం వెనకా, తలుపు అడుగు అంచునా ఉంటుంది. బానెట్ మీద ఉండదు.

అన్నిటికంటే కష్టం లోపలి సామాను. గేరు ఎక్కడుండేదని ఇంట్లో నలుగుర్ని అడిగితే మూడు జవాబులొచ్చాయి. మా వీధి చివర రిటైరైన టాక్సీ డ్రైవరు ఒకాయన ఉన్నారు. ఆయన్ని అడిగితే నోటితో చెప్పలేదు. ఆయన ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, స్టీరింగ్ కింద ఉండాల్సిన చోట లేని కడ్డీని పట్టుకుని, తన వైపు లాక్కుని, కిందికి దించింది. "ఇది రెండు బాబూ" అన్నారు. పాతబళ్లలో గేరు స్టీరింగ్‌కే ఉండేది. ముందు సీటు బెంచీలా అడ్డంగా పోయేది. ఆ కడ్డీ నా బండిలో ఇప్పుడు గుండుసూది ముక్క. ఆయన చెయ్యి లేచిన ఏటవాలే దానికీ ఇచ్చాను.

నంబరు ప్లేటు అయింది. పసుపు మీద నల్ల అక్షరాలు, ఏపీ 16, పొడవు 21 మిల్లీమీటర్లు. మిగిలింది పైన క్యారియర్. కలకత్తా దగ్గర ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, కొత్త బండి దగ్గరికి వెళ్లి చూసే దారి లేదు. ఆటోనగర్ షెడ్డులోని బండికి క్యారియర్ లేదు, దాని కాళ్లు పైకప్పు అంచు గాడిని ఎలా పట్టుకునేవో చూపించే ఫొటో నాకింతవరకు దొరకలేదు. మా పెళ్లి ఆల్బంలో బండి ఉన్న ఫొటోలు ఆరున్నాయి. ఆరింటిలోనూ మనుషులున్నారు, బండి నడుము దాకానే ఉంది.

మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే ఒకసారి తిరగేయండి. అంబాసిడర్ పైన పరుపుచుట్ట, ట్రంకుపెట్టె కట్టిన ఫొటో కనిపిస్తే ఒక కాపీ పత్రిక చిరునామాకు పంపండి. మనుషుల మొహాలు మీ దగ్గరే ఉంచుకోండి. నాక్కావలసింది క్యారియర్ కాలు ఒక్కటే.