మురుగు లెక్కలో సున్నా ఎవరిది?

మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి ఎంత మీథేన్ గాలిలో కలుస్తోందన్న లెక్క ఇవాళ దేశదేశాల్లో వేస్తున్నారు. వందేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది గనక ఈ లెక్క అవసరమే. అయితే ఇందులో ఏది కనపడుతోంది, ఎవరు కనపడటం లేదు అన్నది దళిత దృక్పథం నుంచి ప్రశ్నించాల్సి వుంది.

వాతావరణ మార్పుల మీద ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపిసిసి) 2006లో ఇచ్చిన మార్గదర్శకాలే చాలా దేశాలకు ఆధారం. తలకు రోజుకింత సేంద్రియ మలినం (బిఓడి) అని తీసుకుని జనాభాతో హెచ్చిస్తారు. ఇండియాకు ఆ అంకె 34 గ్రాములు. కిలో బిఓడి నుంచి గరిష్ఠంగా 0.6 కిలోల మీథేన్ పుడుతుందని అంచనా. దీన్ని మళ్లీ ఒక గుణకంతో హెచ్చిస్తారు. అసలు కథంతా ఈ గుణకంలోనే వుంది.

సెప్టిక్ ట్యాంకుకు 0.5. తెరిచి వుండి, నిలిచిపోయిన మురుక్కాలవకు 0.5. వేగంగా, శుభ్రంగా పారే కాలవకు, అది భూమి కింద మూసివున్నదైనా సరే, సున్నా. బాగా నిర్వహించే ఏరోబిక్ శుద్ధి కేంద్రానికి సున్నా, సరిగా నిర్వహించని దానికి 0.3.

ఇక్కడ ఆగి అడగాలి. మురుగు దానంతటదే శుభ్రంగా పారుతుందా? జామ్ అయిన మ్యాన్‌హోల్‌లోకి దిగి, సిల్టు ఎత్తిపోసి, మళ్లీ పారేట్టు చేసేదెవరు? ఈ దేశంలో ఆ పని ఎక్కువగా మాదిగ, రెల్లి, మెహతర్, వాల్మీకి కులాల నెత్తినే పడింది. పట్టికలో 0.5 సున్నాగా మారడం వెనక వాళ్ల శ్రమ వుంది. కానీ పట్టిక దాన్ని నీళ్ల స్వభావంగా రాసుకుంది. 'బాగా నిర్వహించే' అన్న మాటలో నిర్వహించే మనిషి లేడు.

పోనీ ఆ సున్నా అయినా నిజమా అంటే అదీ కాదు. మూసివున్న మురుగు పైపుల్లో మీథేన్ పుడుతోందని 2008లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. ఏరోబిక్ కేంద్రాలకిచ్చిన సున్నాని 2019 సవరణలో 0.03 చేశారు. 2023లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు కారుకి గ్యాస్ మీటర్లు బిగించి అమెరికాలో 63 కేంద్రాల చుట్టూ తిరిగి కొలిస్తే, ప్రభుత్వ అంచనాకు దాదాపు రెట్టింపు తేలింది.

'ఇది వాతావరణ లెక్క, కార్మికుల భద్రత లెక్క వేరు' అనే వాళ్లుంటారు. నిజమే, గంటకి ఎన్ని కిలోలు బయటికి పోతోందన్నది ఒకటి, గుంతలో గాలి ఎంత విషమన్నది ఇంకొకటి. కానీ పుట్టుక ఒక్కటే. గాలి ఆడని మురుగులోనే మీథేనూ, మనిషిని నిమిషాల్లో చంపే హైడ్రోజన్ సల్ఫైడూ పుడతాయి. 2018 సెప్టెంబరు 9న ఢిల్లీ మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ల శుద్ధి కేంద్రం ట్యాంకులో ఐదుగురు చచ్చిపోయారు. 2013 చట్టం కింద వచ్చిన రూల్సులో నాలుగు వాయువుల మానిటరు పేరు స్పష్టంగా వుంది. ఆకాశం కోసం మీటరు దొరుకుతుంది, అడుగున వున్న మనిషికి మాత్రం దొరకదు.

సుప్రీంకోర్టు 2014లో మురుగు చావుకి 10 లక్షల పరిహారమంది, 2023లో 30 లక్షలంది. పరిహారం పెరిగింది, కొలత మాత్రం ఇంకా చావు తర్వాతే వస్తోంది.

కాబట్టి మీథేన్ కొలవొద్దని మనం అనడం లేదు. కంచె బయట కొలిచే ప్రతిచోటా లోపల ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో కూడా మనిషిని దించకుండా కొలవాలి. ఆ అంకెలు కాంట్రాక్టరు ఫైల్లో కాకుండా కార్మికుల చేతిలో వుండాలి. మన విద్యార్థులు ఈ సూత్రాలు నేర్చుకుని, ఎక్కడెక్కడ సున్నా వేశారో వెతికి చూడాలి. ఆ సున్నాల కింద మనవాళ్లే వున్నారు.