పురిటి గదిలో అధికారం ఎవరిది?

వాల్మీకి రామజననాన్ని పుత్రకామేష్టితో, గ్రహస్థితితో, పుష్పవృష్టితో చెప్పాడు. మన స్త్రీల రామాయణపు పాటలు కౌసల్య వేవిళ్లనూ, పురిటినొప్పులనూ పాడాయి. కన్నవాళ్ల అనుభవమే వాటి బలం.

అయితే ఆ పాటలను మెచ్చుకొని ఊరుకునే విమర్శకుడు ఒక ప్రశ్నను దాటవేస్తున్నాడు. నొప్పులు పడే మనిషి పక్కన ఎవరుండాలో నిర్ణయించేదెవరు? తొలికాన్పు పుట్టింట జరగాలన్న ఆచారం కోడలికి కొంత ఊరటనిచ్చింది, నిజమే. ఖర్చును ఆమె తల్లిదండ్రుల నెత్తిన వేసింది కూడా. ఆచారం చోటు మార్చింది గాని ఆమెకు అధికారమివ్వలేదు.

అత్తగారిని దుష్టపాత్రగా చిత్రించి చేతులు దులుపుకోవడం అభ్యుదయం కాదు. ఆమె కూడా ఒకనాడు నొప్పులు పడిన కోడలే. అనుభవం గల అత్త చేయి కొందరికి ధైర్యం. మగబిడ్డ కోసం కాచుకున్న అత్త చూపు మరికొందరికి భయం. 2016లో కేంద్రప్రభుత్వం ప్రభుత్వాసుపత్రుల్లో బంధువైన స్త్రీని తోడుగా అనుమతించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లి కోరుకున్న తోడు ఉండాలన్నది. ఈ రెండింటి మధ్య తేడా అంతా ‘కోరుకున్న’ అనే మాటలోనే ఉంది.

“మీరు బయట ఉండండి అత్తయ్యా” అని కోడలు భయపడకుండా చెప్పగల కథ, ఆ మాటను అత్త అవమానంగా తీసుకోని కథ మనకు కావాలి.