వద్దంటే వద్దని చెప్పండి

తెల్ల చొక్కా, టై, జేబు మీద చర్చి పేరున్న నల్ల బిళ్ల. న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల వీధుల్లో సాయంత్రాలు ఇద్దరిద్దరుగా నడిచే ఈ కుర్రాళ్లు కనబడితే మనవాళ్లు చాలామంది తలుపు తీయరు. గుమ్మం కెమెరాలో చూసి, టీవీ సౌండు తగ్గించి, వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగుతారు. వాళ్లు మార్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు. నేను తలుపు తీస్తాను. మతం మారే ఉద్దేశం నాకు లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. వాళ్లు చేసే పని మీద మాత్రం నాకు చాలా గౌరవం.

అబ్బాయిలైతే 18 ఏళ్లకే బయల్దేరవచ్చు. 2012 దాకా 19 నిండాల్సి వచ్చేది. రెండేళ్ల సేవ. జీతం ఉండదు, ఖర్చు వాళ్లో కన్నవాళ్లో పెట్టుకోవాలి. ఏ దేశం, ఏ ఊరు అన్నది సాల్ట్ లేక్ సిటీలోని చర్చి పెద్దలు నిర్ణయిస్తారు. 2019 ఫిబ్రవరి వరకూ ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకోవచ్చు. అదే వయసు పిల్లలు పక్కనే రట్గర్స్ యూనివర్సిటీలో చేరితే మనం వారం వారం కూరలు డబ్బాల్లో పెట్టి ఇచ్చివస్తాం.

మా ఆయన ఇంట్లో లేకపోతే వాళ్లు లోపలికి రారు, మెట్ల దగ్గరే నిలబడతారు. అది వాళ్ల నియమం. టీ ఇస్తానంటే వద్దంటారు. 1833 నాటి ఉపదేశం ప్రకారం వాళ్లకు టీ, కాఫీ నిషిద్ధం. ఓ రోజు మజ్జిగ ఇచ్చాను. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ వాళ్లలో ఒకడైన యూటా కుర్రాడికి కొత్త. మొదటి గుక్కకు ఆగి, గ్లాసులోకి చూసి, మొత్తం తాగాడు. మీకు ఈ పనిలో ఏది కష్టం బాబూ అని అడిగాను. మొహం మీద తలుపు వేస్తే బాధలేదట. మీ ఇండియన్లు చాలా మర్యాదగా మాట్లాడతారు, పుస్తకం తీసుకుంటారు, వచ్చే వారం రమ్మంటారు, వచ్చే వారం వెళితే ఎవరూ పలకరు అన్నాడు. మన మొహమాటం అవతలివాళ్లకు ఎంత బరువో అప్పుడు తెలిసింది.

అసలు ఈ చర్చి తెలుగువాళ్లలోకి వచ్చింది ఇలా తలుపులు తట్టి కాదు, చుట్టరికం మీద. సమోవాలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ మతంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి బంధువులకు బోధించారు. వాళ్లలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి శ్రీనివాసం గారు వాళ్ల మతగ్రంథం బుక్ ఆఫ్ మార్మన్‌ను తెలుగు చేశారు. 1982లో అందులో కొన్ని భాగాలు అచ్చయ్యాయి. 2012లో భారతదేశపు మొదటి స్టేక్, అంటే చర్చి మండలం లాంటిది, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. పైగా తలుపులు తట్టడం తగ్గించి ఇంటర్నెట్ వాడుకొమ్మని 2013లో చర్చి పెద్దలే మిషనరీలకు చెప్పారు.

మరి ఇంకా ఎందుకీ నడక? ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మానాన్నల నమ్మకమే నాదనుకున్నాను, ఇక్కడ గుమ్మం గుమ్మంలో ఎందుకు నమ్ముతున్నావని అడుగుతుంటే జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది అన్నాడు ఆ కుర్రాడు. ఎంత మంది మారారన్న లెక్క కంటే ఇదే పెద్దదని నాకనిపిస్తుంది. మన పిల్లల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి మనతో వస్తారు, దండం పెడతారు, పులిహోర తిని వచ్చేస్తారు. ఆ రోజు వాకిట్లో నిలబడ్డ మా అమ్మాయిని రెండో కుర్రాడు నువ్వెందుకు పూజ చేస్తావని అడిగాడు. అది కాసేపు ఆలోచించి, దీపం పెట్టేటప్పుడు ఇండియాలో ఉన్న మా అమ్మమ్మ కూడా ఇదే చేస్తూ ఉంటుందనిపిస్తుంది, అందుకని చెప్పింది. నేనెప్పుడూ అడగని ప్రశ్న అది.

మత ప్రచారానికి ఇళ్లకు వెళ్లడానికి ఊరి అనుమతి అక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ఆ కేసు ఇలాగే ఇంటింటికీ తిరిగే యెహోవా సాక్షులది. తలుపు తట్టడం వాళ్ల హక్కయితే వద్దనడం మన హక్కు. ఆ హక్కును తలుపు తీసి వాడుకోండి. మళ్లీ రమ్మని పంపకండి. మాకు ఆసక్తి లేదు బాబూ అని స్పష్టంగా చెప్పండి, ఎండలో వచ్చుంటే ఓ గ్లాసు మంచినీళ్లు ఇవ్వండి.