బొమ్మల పెట్టె ఎవరింట్లో ఉంది?

2008 మే 21న అమెరికాలో డిస్నీ సంస్థ పిల్లల కోసం నడిపిన ‘వర్చువల్ మ్యాజిక్ కింగ్‌డమ్’ అనే ఇంటర్నెట్ లోకాన్ని మూసేసింది. మూసేస్తున్నామని ఏప్రిల్లోనే చెప్పింది. అందులో ఆడుతున్న పిల్లలూ, పిల్లల పేరు చెప్పి ఆడుతున్న పెద్దలూ వద్దని మొరపెట్టుకున్నారు, సంతకాలు సేకరించారు. ఏమీ లాభం లేకపోయింది. మూడేళ్ళపాటు కళకళలాడిన ఊరు ఒక్క రాత్రిలో లేకుండా పోయింది.

నేనెప్పుడూ ఆ ఆట ఆడలేదు. ఆడినవాళ్ళు దాచుకున్న వీడియోలు చూశాను, దాని గురించి చదివాను, అంతే. అయినా నరసాపురంలో కూర్చుని ఈ వారం దాన్ని తలుచుకోవడానికి కారణం ఉంది. నా చేతికొచ్చిన విద్య సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం. కొలువు గురించి పత్రికల్లో ఏటా వ్యాసాలొస్తాయి. మెట్లు ఎన్నుండాలి, పై మెట్టు మీద ఏ దేవుడుండాలి, పేరంటానికి ఏం పంచాలి... అన్నీ పెట్టడం గురించే. ఎత్తడం గురించి ఎవరూ రాయరు. నన్నడిగితే కొలువు పనితనంలో సగం ఎత్తడంలోనే ఉంది.

ముందు ఆ ఆట సంగతి. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. యాభై ఏళ్ళ పండుగ సందర్భంగా 2005లో ఈ ఇంటర్నెట్ పార్కును మొదలుపెట్టారు. హబ్బో హోటల్ అనే ఆటను నడుపుతున్న ఫిన్లాండ్ కంపెనీ సులేక్ దాన్ని తయారుచేయడంలో పాలుపంచుకుంది. అసలు పార్కులో ఉన్న మెయిన్ స్ట్రీట్, అడ్వెంచర్‌ల్యాండ్, ఫాంటసీల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్, టుమారోల్యాండ్ అన్నీ తెర మీద చిన్న చిన్న బొమ్మల్లో దిగాయి. పిల్లవాడు తనకో బొమ్మ రూపం ఎంచుకుని, దానికి బట్టలేసి, ఆ వీధుల్లో తిరుగుతాడు. దెయ్యాల కొంపలో దెయ్యాలు పట్టే ఆట, సముద్రపు దొంగల ఓడ యుద్ధం, అడవిలో పడవ మీద పోతూ జంతువుల ఫొటోలు తీసే ఆట, కోట మీద బాణసంచా కాల్చే ఆట ఉండేవి. గెలిస్తే ఆటడబ్బులు వచ్చేవి. వాటితో అక్కడి దుకాణాల్లో కుర్చీలు, దీపాలు, తివాచీలు, వేషాలు, బ్యాడ్జీలు కొనుక్కోవచ్చు. ఆడడానికి పైసా కట్టనక్కర్లేదు. పిల్లల క్షేమం కోసం మాట్లాడుకునే మాటలకు కూడా జల్లెడ పెట్టారు.

అసలు విశేషం గదులు. ప్రతి పిల్లకీ తనదంటూ ఓ గది ఉండేది. కొన్న సామాన్లు, స్నేహితులతో మార్చుకున్న సామాన్లు అందులో సర్దుకోవాలి. ఒకరి గది ఇంకొకరు చూడడానికి వెళ్ళొచ్చు. నిజం పార్కుకు వెళ్ళి అక్కడ పెట్టిన పోటీలు పూర్తిచేస్తే చేతికి ఓ కోడు వచ్చేది. ఇంటికొచ్చి దాన్ని టైపు చేస్తే ఇంకెవరికీ దొరకని వస్తువు గదిలోకి చేరేది. ఆ గదుల వీడియోలు చూస్తుంటే నాకు చెయ్యి దురద పుట్టింది. ఆటలో కుర్చీలకు కుర్చీ పనే ఇవ్వాలని లేదు. నాలుగు పేరిస్తే గోడ అవుతుంది, వరసగా పేరిస్తే ఓడ అవుతుంది. ఇచ్చిన సామాను తక్కువ, పిల్లల బుర్ర ఎక్కువ. కొలువు పెట్టే వాళ్ళందరికీ తెలిసిన ఆనందం ఇది.

కొలువు పక్కన పార్కు కట్టడం మా ఇళ్ళల్లో మామూలు. పండక్కి వారం పది రోజుల ముందే పళ్ళేల్లో మెంతులూ ఆవాలూ చల్లితే భోగి నాటికి పచ్చగా లేస్తాయి. అవే పొలాలు, అవే పచ్చిక. చెరువుకి అద్దం ముక్క, కొండకి ఇటుక ముక్కలూ గోదారి ఇసుకా. మొన్న సంక్రాంతికి మా వీధి పిల్లలు పార్కొద్దని అంతర్వేది తీర్థం కట్టారు. పౌడరు డబ్బాకి కాగితం చుట్టి లైటుహౌసు, అట్టపెట్టెతో రథం, సఖినేటిపల్లి రేవుకి వెళ్ళే పంటుకి చెప్పుల డబ్బా మూత. గాజులూ ఐసు పుల్లలూ కలిపి జెయింటు వీలు చేశారు, అది నిజంగానే తిరిగింది. కొండపల్లి తాటిచెట్టు మీద గీత కార్మికుడు పై నుంచి తీర్థమంతా చూస్తున్నట్టు నిలబెట్టారు. దశావతారాల వరుస మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. ఈ విషయంలో నేను చాదస్తురాలినే.

ఎత్తే పనికి వస్తాను. ముక్కనుమ నాటికి హారతిచ్చి ఒక బొమ్మను పడుకోబెడతాం. అక్కడితో కొలువు అయినట్టే. కానీ పని అప్పుడే మొదలవుతుంది. అందరికంటే చివర బయటికొచ్చే బొమ్మ పెట్టెలో అన్నిటికంటే అడుక్కి వెళ్ళాలి. మట్టి బొమ్మల చేతివేళ్ళకీ ముక్కులకీ ముందుగా దూది చుట్టాలి, ఆ తర్వాతే గుడ్డ. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్ర, తేలిగ్గా ఉంటుంది గానీ రంగు సుకుమారం. మా డెల్టా గాలిలో ఉన్న చెమ్మకి న్యూస్‌పేపరు చుడితే వేసవి దాటేసరికి అక్షరాలు బొమ్మ వీపు మీద ఎక్కుతాయి. (ఈ కాలమ్ కూడా అలా ఏ సీతమ్మవారి భుజం మీదో అచ్చయిపోవచ్చు, జాగ్రత్త.) పాత నూలు చీర ముక్కలే మంచివి. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎండ తగలనిచోట పెట్టాలి. మెట్ల అంచులకి వేసిన లేసు ఉతికి ఆరేసి, మడతపెట్టకుండా చుట్టి పెట్టాలి. పెట్టె మూలల్లో వేపాకు. విరిగిన బొమ్మ ఉంటే అతికించగలిగితే అతికిస్తాం, లేకపోతే వశిష్ఠ గోదావరిలో కలుపుతాం.

ఇదంతా చేస్తుంటే పక్కింటి పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు.

“మామ్మగారండీ, జెయింటు వీలు నాదండి. నేనే చేసేనండి.”

“నీదేరా. పట్టుకెళ్ళు.”

వాడు కాసేపు ఆలోచించాడు. “పట్టుకెళ్తే మా చెల్లి విరక్కొడతాదండి. మీ పెట్టెలోనే పెట్టండి. కానీ నా పేరు రాసి పెట్టాలండి.”

పేరు రాసి పెట్టాను. రెండో తరగతి పిల్లవాడు దస్తావేజులు రాసేవాళ్ళ లాగా విషయాన్ని తేల్చేశాడు. సరుకు ఎక్కడున్నా ఫర్వాలేదు, ఎవరిదో రాసుండాలి, అడిగినప్పుడు చేతికి రావాలి.

డిస్నీ వాళ్ళ ఆటలో లేనిది ఇదే. పిల్ల తన గదిలో పేర్చుకున్నవేవీ ఆ పిల్ల ఇంటి కంప్యూటరులో లేవు. అన్నీ కంపెనీ సర్వరులో ఉన్నాయి. ఇంట్లో తెర మీద కనబడేది అక్కడినుంచి వచ్చే బొమ్మ మాత్రమే. సర్వరు ఆపగానే గది లేదు, కోడు పెట్టి సంపాదించిన వస్తువు లేదు. పైగా ఆ ఆట నడిచిన షాక్‌వేవ్ అనే సాఫ్ట్‌వేరును అడోబీ సంస్థ 2019లో నిలిపేసింది. దాని చుట్టమైన ఫ్లాష్ 2020 ఆఖరుతో పోయింది. అప్పటి పిల్లల ఆటల్లో చాలావాటికి అదే ఆధారం.

కంపెనీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ ఆట యాభై ఏళ్ళ సంబరాల ప్రచారం కోసం పెట్టిందని, ఎప్పటికీ నడపాలనుకున్నది కాదని డిస్నీ చెప్పింది. సంబరాలు అయ్యాక కూడా చాలాకాలం నడిపింది. పండక్కి పెట్టిన కొలువు పండగయ్యాక ఎత్తేస్తారని నాలాంటిది అభ్యంతరం చెప్పలేదు. మూడు రోజుల కొలువు మూడొందల రోజులుంటే దుమ్ము పట్టి ఎవరికీ అక్కర్లేనిదవుతుంది. మూయడంలో తప్పేమీ లేదు.

ప్రచారం అన్నారు కాబట్టి నరసాపురం మనిషిగా ఒకటి అడగాలనిపిస్తుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ మా ప్రాంతపు లేసు అల్లే ఆడవాళ్ళ మీద 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకం రాసింది. ఇంట్లో ఉండి తీరిక వేళ అల్లుకుంటున్నారని పేరు పెట్టినందువల్ల, విదేశాలకు ఎగుమతయ్యే సరుకు చేస్తున్న ఆడవాళ్ళ పని పని కింద లెక్కకు రాలేదని ఆవిడ వాదన. 2024లో మా లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ పిల్లల ఆటను అల్లేవాళ్ళ కష్టంతో సమానం అననుగానీ, లెక్క వేసే తీరు మాత్రం నాకు తెలిసినదే. గదులు అలంకరించింది పిల్లలు. ఒకరినొకరు పిలుచుకొచ్చింది పిల్లలు. పార్కుకు తీసుకెళ్ళమని అమ్మానాన్నల ప్రాణం తీసింది కూడా పిల్లలే. ఊరు ఊరులా కనబడిందంటే వాళ్ళ వల్ల. సంబరాల లెక్కలు చూసుకునేటప్పుడు మాత్రం వాళ్ళు ఉట్టినే ఆడుకున్నవాళ్ళు.

మూయడం తెలిసినవాళ్ళూ కొందరున్నారు. కెనడాలో కెలోనా అనే ఊళ్ళో 2005 అక్టోబరులో క్లబ్ పెంగ్విన్ అనే పిల్లల ఆట మొదలైంది. 2007లో డిస్నీయే దాన్ని 35 కోట్ల డాలర్లకు కొంది. అందులో ఓ మంచుకొండ ఉండేది. అందరూ ఒక పక్కకి చేరి గంతులేస్తే అది పల్టీ కొడుతుందని పిల్లల నమ్మకం. ఏళ్ళ తరబడి ప్రయత్నించారు, కదల్లేదు. 2017 మార్చిలో ఆట మూసేముందు నిర్వాహకులు దాన్ని పల్టీ కొట్టనిచ్చారు. ఆ ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి. హారతిచ్చి బొమ్మను పడుకోబెట్టినంత మర్యాదగా ఉంది. అయినా అక్కడా పిల్లలు కట్టుకున్న ఇగ్లూలు సర్వరుతోపాటే పోయాయి.

పోయినవాటిని అభిమానులు మళ్ళీ కట్టారు. డిస్నీదే టూన్‌టౌన్ అనే మరో ఆట 2013 సెప్టెంబరు 19న మూతపడితే, ఔత్సాహికులు ‘టూన్‌టౌన్ రీరిటెన్’ పేరుతో దాన్ని లేవదీసి ఉచితంగా నడుపుతున్నారు. వర్చువల్ మ్యాజిక్ కింగ్‌డమ్‌నీ అలాగే తిరిగి నిలబెట్టారు. క్లబ్ పెంగ్విన్‌ను లేవదీసిన ఒక సైటును మాత్రం 2022లో లండన్ సిటీ పోలీసులు కాపీరైటు కేసులో మూయించారు. చట్టం దాని దారిన అది పోయింది, తప్పు పట్టను. మిక్కీ మౌసు డిస్నీదే. కానీ పదేళ్ళ పిల్ల ఆ కుర్చీలను ఓడలాగా పేర్చిన వరుస డిస్నీది కాదు.

మన చట్టం ఎక్కడుందో చూశాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళంతా పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి, వాళ్ళ వెంటపడి ప్రకటనలు చూపించకూడదు. మంచి చట్టమే. పేరు, వయసు, ఫోన్ నంబరు లాంటి వివరాల గురించి పట్టించుకుంది. కట్టుకున్న గది గురించి దానికి పట్టింపు ఉన్నట్టు నాకు కనబడలేదు. యూరప్‌లో మాత్రం డబ్బు పెట్టి కొన్న ఆటను కంపెనీ వదిలేసినా ఆడగలిగే స్థితిలో ఉంచి పోవాలంటూ పెట్టిన వినతి మీద 2025లో పది లక్షల సంతకాలు దాటాయి.

నా కోరిక అంత పెద్దది కాదు. సర్వరు ఎల్లకాలం నడపమని అడగను. మూసే రోజు ప్రతి పిల్ల గదినీ ఓ ఫైలుగానో, కనీసం ఓ బొమ్మగానో ఆ పిల్ల చేతికివ్వాలి. ఇది కంపెనీ వాళ్ళకి భారం కాదు. పెట్టె మీద పేరు రాసి పెట్టడమంత పని.

అంతవరకూ మన జాగ్రత్తలో మనం ఉండాలి. మీ పిల్లలు ఏదో ఒక ఆటలో ఇల్లో, కోటో, ఊరో కట్టుకుంటూనే ఉంటారు. ఓ పూట పక్కన కూర్చుని చూపించమనండి. రోబ్లాక్స్ లాంటివైతే మొత్తం కంపెనీ సర్వరులో ఉంటుంది కాబట్టి కనీసం తెర ఫొటోలు తీయించి పెట్టండి. కంప్యూటరులో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఒంటరిగా ఆడుకుంటుంటే అదృష్టమే. పిల్లలు కట్టిన లోకం మీ ఇంట్లోనే ‘సేవ్స్’ అనే ఫోల్డరులో ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని ఓ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, పైన పిల్లల పేరు రాయండి.