ముద్దయీ ముద్దాయి అయిన కథ

ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాదు చేసినవాడు. అదే మాట తెలుగులోకొచ్చి 'ముద్దాయి' అయ్యేసరికి బోనులో నిలబడ్డాడు. భాషాశాస్త్రవేత్తలు దీన్ని అర్థవిపరిణామం అంటారు. మేం మా బతుకు అంటాం. ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, వకాల్తా... ఠాణాలో వినబడే మాటలు ఎన్నో మా ఇళ్ల భాషలోంచి వెళ్లినవే. మాటలు లోపలికి వెళ్లాయి. మేం గడప దగ్గరే ఉండిపోయాం.

చట్టం అందరికీ ఒకటే కదా, బాధితుడికి మతమేమిటని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. నిజమే, పుస్తకంలో ఒకటే. కాని చార్జిషీటు పడకముందు బాధితుడి చేతిలో ఉండేది ఒక్క కాగితం. దాన్ని ఎవరు రాస్తారు, ఏ భాషలో రాస్తారు, ఏది వదిలేస్తారు అన్నచోట మతమూ కులమూ వచ్చి కూచుంటాయి. కవిత్వాన్ని చదివినంత శ్రద్ధగా ఎఫ్ఐఆర్‌నీ చదవాలని మేం అనేది అందుకే.

2002 మార్చి 3న గుజరాత్‌లోని దాహోద్ జిల్లాలో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం చేశారు. అప్పుడామె గర్భిణి. పసిబిడ్డతో సహా ఆమె వాళ్లని చంపేశారు. మర్నాడు లింఖేడా పోలీసు స్టేషన్లో ఆమె అంతా చెప్పింది. రాసిన కాగితంలో అత్యాచారం లేదు, ఆమె చెప్పిన పేర్లు లేవు. ఇక దర్యాప్తు ఎటు నడుస్తుంది? నేరస్తులు దొరకలేదని రిపోర్టు పెట్టారు. 2003 మార్చిలో మేజిస్ట్రేటు కోర్టు దాన్ని ఆమోదించింది. జాతీయ మానవహక్కుల సంఘం ఆసరాతో ఆమె సుప్రీంకోర్టుకెక్కాక, 2003 డిసెంబరులో కేసు సీబీఐకి వెళ్లింది. 2008లో ముంబయి కోర్టు పదకొండు మందికి యావజ్జీవం వేసింది. ఎఫ్ఐఆర్ తప్పుగా రాసిన పోలీసుకూ శిక్ష పడింది. 2022 ఆగస్టులో ఆ పదకొండు మందినీ ముందే విడిచిపెట్టారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది. ఇన్నేళ్ల పోరాటం మొదలైంది, చెప్పినా రాయని ఆ కాగితం దగ్గరే.

చట్టం ఏమీ ఇవ్వలేదని కాదు. చెప్పింది రాయాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతే కేసు కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టనంటే ఎస్పీకి రాయవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోగా బాధితుడికి తెలపాలి.

ఈ చట్టాన్నీ విమర్శకుల కళ్లతో చూద్దాం. 2009 చివరిదాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 'బాధితుడు' అన్న మాటకు నిర్వచనమే లేదు. వచ్చినప్పుడు కూడా, నిందితుడి మీద అభియోగం మోపిన చర్య వల్ల నష్టపోయినవాడే బాధితుడన్నారు. అక్షరాలా చదివితే, అభియోగం మోపేదాకా దెబ్బతిన్నవాడికి పేరే లేదు. కొత్త సంహిత ఆ షరతు తీసేసింది. మంచిదే. అదే సంహిత మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, కేసు కట్టేముందు 14 రోజుల ప్రాథమిక విచారణకు దారి తెరిచింది. లలితాకుమారి తీర్పు మూసిన తలుపు అది. ఆ పద్నాలుగు రోజుల్లో రాజీకి రమ్మని బస్తీ పెద్దలు ఎంతమంది ఇంటికొస్తారో మాకు తెలుసు.

కేసు మూసేయదలిస్తే మేజిస్ట్రేటు ముందుగా ఫిర్యాదికి నోటీసిచ్చి వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పారు. ఫిర్యాది ఎవరు? అల్లర్లప్పుడు పోలీసు తనే ఫిర్యాది అవుతాడు. 'గుర్తుతెలియని గుంపు' అని రాసుకుంటాడు. ఇల్లు కాలినవాడికి నోటీసు హక్కు ఉండదు. తెలిసి వస్తే వింటారట. తెలిసేదెట్లా? దర్యాప్తు దశ నుంచే బాధితుడి మాట వినాలని సుప్రీంకోర్టు స్పష్టంగా అనడానికి 2022 దాకా, లఖీంపూర్ ఖేరీ కేసు దాకా ఆగాల్సి వచ్చింది.

వేలు మావైపూ తిప్పుకోవాలి. కర్ఫ్యూల మీద, కాలిన ఇళ్ల మీద మేం కవితలు రాశాం, సభల్లో చదివాం. ఠాణాకెళ్లిన అమ్మీకి మాత్రం, రాసింది చదివి వినిపించమని అడుగు అని చెప్పలేదు. ఆమె దక్కనీలో ఏడుస్తూ చెబుతుంది. స్టేషన్ రైటరు తెలుగులో రాసుకుంటాడు. ఆమె వేలిముద్ర వేసొస్తుంది. ఆ కాగితంలో ఆమెది అంటూ ఉన్నది ఆ వేలిముద్ర ఒక్కటే.

అస్తిత్వం గురించి ఇంత మాట్లాడే మేం ఈ కాగితాన్ని వకీళ్లకు వదిలేశాం. జరిగింది మా నోటితో చెప్పి, అది అట్లాగే కాగితం మీద ఉందో లేదో చూసుకోవడమూ అస్తిత్వమే. చదివి వినిపించాకే వేలిముద్ర. నకలు చేతికొచ్చాకే ఇల్లు. మేం ముద్దయీలం. ముద్దాయిలం కాము.