తలుపు లోపలి పురుగు

పాలీహౌస్‌ను కొత్తగా చూసినవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. చుట్టూ నెట్టు, పైన ప్లాస్టిక్ కప్పు, ముందు రెండు తలుపులు, ఇంక పురుగు ఎక్కడినుంచి వస్తుంది? కరీంనగర్ పక్క ఊళ్లో క్యాప్సికం వేసిన ఓ రైతు ముందు నేనూ అదే అడిగాను. ఆయన నవ్వి, నా షర్టు వైపు చెయ్యి చూపించాడు. "గిదో, మీతోనే వస్తది సారూ."

అది ఎకసెక్కం కాదు, పచ్చి నిజం. 40 మెష్ నెట్టు తెల్లదోమను చాలామటుకు ఆపుతుంది గానీ తామరపురుగుకు అది దర్వాజతో సమానం. పొడవు ఒక మిల్లీమీటరుంటే ఎక్కువ, వెడల్పు అందులో పావు కూడా ఉండదు. ఇక ఎర్రనల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. కూలీల బట్టల మీద, నారు ట్రేల అడుగున, పొద్దున వంకాయ చేనులో తిరిగొచ్చిన చేతుల మీద లోపలికి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు పాలీహౌస్ పని ముగించుకుని, ఆ తర్వాతే బయటి చేనుకు పోతారు. పొద్దుటి పని వరస మారిస్తే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు. అయినా నేను చూసినంతలో దాన్ని పాటించేవాళ్లు తక్కువే.

లోపలికి వచ్చాక పురుగుకు ఏం జరుగుతుందన్నదే అసలు కథ. బయటి చేనులో ఎర్రనల్లికి పెద్ద శత్రువు వాన. ఒక గట్టి వాన పడితే ఆకు అడుగున అల్లుకున్న గూడు, గుడ్లతో సహా చాలా భాగం కొట్టుకుపోతుంది. మిగిలినవాటిని అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు చూసుకుంటాయి. పాలీహౌస్‌లో వాన లేదు. అక్షింతల పురుగు నెట్టు బయటే ఆగిపోతుంది, ఎందుకంటే దాని ఒళ్లు పెద్దది. మనం కట్టిన గోడ పురుగును పూర్తిగా ఆపలేదు, పురుగును తినేవాటిని మాత్రం ఖచ్చితంగా ఆపింది. పైగా లోపల వెచ్చదనం, కడుపునిండా తిండి. 30 డిగ్రీల దగ్గర ఎర్రనల్లి గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి వారం పది రోజులు చాలు. ఒక్కో ఆడది వంద దాకా గుడ్లు పెట్టగలదు. మగదానితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది, అలాంటి గుడ్లలోంచి మగవే పుడతాయి. అంటే ఒక్క ఆడనల్లి నెట్టు దాటితే చాలు, సంసారం మొదలైనట్టే.

ఆ రైతు నాకు చూసే పద్ధతి చూపించాడు. పైనుంచి చూస్తే ఆకు మామూలుగానే ఉంది, కాకపోతే సూదితో గుచ్చినట్టు అక్కడక్కడా సన్నటి పాలిపోయిన చుక్కలు. దాన్ని తెంపి, జేబులోంచి తీసిన తెల్ల కాగితం మీద రెండుసార్లు దులిపాడు. దుమ్ములాంటి నలుసులు రాలాయి. కాసేపు ఊరుకోమన్నాడు. నలుసుల్లో కొన్ని నడవడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని బొటనవేలితో రాస్తే కాగితం మీద ఎర్రటి గీత పడింది. "నడిస్తే నల్లి, నడవకుంటే దుమ్ము" అన్నాడు. రోజూ పొద్దున తలుపు దగ్గరి వరస నుంచి, ఫ్యాన్ల వైపు వేడెక్కే మూల నుంచి నాలుగైదు ఆకులు ఇలా దులిపి చూస్తాడట. నల్లి ముందు ఆ రెండు చోట్లే పడుతుందని అనుభవం చెప్పింది. పసుపు జిగురు అట్టలు కూడా వేలాడదీశాడు. అవి తెల్లదోమను పట్టిస్తాయి, రెక్కలు లేని నల్లిని పట్టించవు. కాబట్టి కాగితం తప్పదు.

పాలీహౌస్‌లకు తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. ఇనుప పైపులకు, ప్లాస్టిక్‌కు, డ్రిప్పుకు ఇచ్చిన శ్రద్ధలో పదోవంతు ఈ కాగితం మీద ఆకు దులపడానికి ఇచ్చి ఉంటే మూతపడ్డ పాలీహౌస్‌లు ఇన్ని ఉండేవి కావని నా అభిప్రాయం. కొట్టిన మందు పనిచెయ్యక చాలామంది విసిగిపోయారు. ఎలా పనిచేస్తుంది? నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు వైపు చుట్టం. దోమకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ దాన్ని చంపదు సరికదా, దాన్ని తినేవాటిని చంపి నల్లిని ఇంకా పెంచుతుంది. సింథటిక్ పైరెత్రాయిడ్లతోనూ ఇదే గోల. నల్లికి గంధకమో, ప్రోపర్గైట్ లాంటి నల్లి మందో కావాలి. దాన్ని కూడా ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, ప్రతిసారీ అదే మందు పట్టుకుని వేలాడకూడదు. గంధకాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే ఆకులు మాడిపోతాయి. షాపులో ఇవన్నీ చెప్పేవాళ్లు తక్కువ, "ఇది కొట్టు, అన్నీ పోతయ్" అని డబ్బా చేతిలో పెట్టేవాళ్లు ఎక్కువ.

నెట్టు బయటే ఆపేసిన పురుగు శత్రువును మనమే లోపలికి తీసుకొస్తే ఎలా ఉంటుందని ఎప్పుడో ఆలోచించినవాళ్లున్నారు. 1926లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో గాజు ఇళ్లలో టమాటా పండించే ఒకాయన, తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లబడి ఉండటం గమనించి శాస్త్రవేత్తలకు చూపించాడు. వాటి లోపల ఎన్కార్సియా అనే అతి చిన్న కందిరీగ పెరుగుతోంది. కొన్నేళ్లకే దాన్ని లక్షల్లో పెంచి రైతులకు పంచారు. తర్వాత డీడీటీ వచ్చింది, కందిరీగను మరిచిపోయారు. డీడీటీకి తెల్లదోమ లొంగడం మానేశాక మళ్లీ కందిరీగ గుర్తొచ్చింది. ఎర్రనల్లిని వేటాడే ఇంకో నల్లి చిలీ నుంచి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో పాటు 1958లో జర్మనీకి చేరింది. దాన్ని ఎవరూ పిలవలేదు, అదే వచ్చింది.

ఇప్పుడు ఈ వేటనల్లికి గిరాకీ ఎక్కువగా ఉన్న చోట్లలో గంజాయిని చట్టబద్ధంగా గదుల్లో పెంచే కెనడా, అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు కూడా ఉన్నాయి. అక్కడా అదే ఎర్రనల్లి, అదే తామరపురుగు. కానీ అక్కడ ఆ పంటను కడుక్కుని తినరు, కాల్చి పీలుస్తారు. మైక్లోబుటానిల్ అనే బూజు మందు ద్రాక్షకు మామూలే, కాలిస్తే మాత్రం హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. దాని అవశేషాలు దొరికి కెనడాలో లైసెన్సున్న కంపెనీలే సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మందు డబ్బా పనికిరాని చోట వేటనల్లి తప్ప దారి లేదు. మన దగ్గర ఆ మొక్క పేరెత్తితే 1985 నాటి మత్తుమందుల చట్టం, పదేళ్ల దాకా జైలు. ఆదిలాబాద్ వైపు పత్తి సాళ్ల మధ్య దాన్ని పెట్టి కేసుల్లో ఇరుక్కున్న పేద రైతుల సంగతి వేరే రోజు రాయాలి.

మూసిన చోట మందు కొట్టడంలో ఇంకో ముప్పు ఉంది, అది మనిషికి. పాలీహౌస్‌లో గాలి అంతగా కదలదు, కొట్టిన మందు ఆవిరి కొట్టినవాడి చుట్టే తిరుగుతుంది. 2017లో పెన్‌గంగ అవతల, ఆదిలాబాద్ నుంచి చూస్తే కనపడేంత దగ్గర్లోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అది ఆరుబయటి చేనే. కానీ ఆ ఏడాది పత్తి చెట్లు మనిషి తల దాటి గుబురుగా ఎదిగాయి. తలపైకి పంపు ఎత్తి కొడితే మందంతా మొహం మీదే పడింది. నెట్టు లేకుండానే ఆ చేను ఒక గది అయింది. మాస్కు కట్టుకోలేదని తప్పంతా కూలీల మీద వేసినవాళ్లు, 35 డిగ్రీల ఉక్కలో మాస్కు కట్టుకుని ఓ గంట పంపు మోసి చూడాలి.

ఆ ఏడాది అంతగా మందు కొట్టించిన వాటిలో గులాబీ పురుగు ఒకటి. నా లెక్కలో అసలైన తలుపు లోపలి పురుగు అదే. దానికి పాలీహౌస్ అక్కర్లేదు, పత్తికాయే దాని ఇల్లు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. కొన్నేళ్లు కాయతొలుచు పురుగుల మాటే మరిచిపోయాం. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి రకానికి, ఆ తర్వాత నాలుగైదేళ్లకు రెండో రకానికీ గులాబీ పురుగు అలవాటు పడిపోయింది. ఆదిలాబాద్ జిల్లాలో పత్తి చేలకెళ్లి పూలను చూడండి. రేకులు విచ్చుకోకుండా, మూతి ముడుచుకుని, లోపలినుంచి దారంతో కుట్టినట్టున్న పువ్వు కనపడితే అది గుడ్డిపువ్వు. విప్పితే లోపల పురుగు. కాయ దశలో అయితే పైకి ఏమీ కనపడదు. పిల్ల పురుగు లోపలికి దూరిన రంధ్రం మూసుకుపోతుంది, కాయ పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటుంది. కత్తితో కోస్తే తెలుస్తుంది. దూది తమ్మెలో పసుపు మరక, రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని, వాటి మధ్య లేత గులాబీ రంగు పురుగు. ఇక ఏ మందు కొట్టినా అది కాయ మీద పడుతుంది, పురుగు మీద పడదు.

అందుకే దీని వైద్యమంతా అది లోపలికి పోకముందే. లింగాకర్షక బుట్టలు పెట్టాలి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే అప్పుడు కదలాలి. గుడ్డిపూలు ఏరి నాశనం చెయ్యాలి. 5 శాతం వేపగింజల కషాయం గుడ్లు పెట్టే తొలి రోజుల్లో కొంత పనిచేస్తుంది, కాయ తొలిచాక అది కూడా దండగే. అన్నిటికంటే ముఖ్యమైనది డిసెంబర్ దాటకుండా పత్తి తీసేసి, కట్టెను చేనులో ఉంచకపోవడం, గొర్లను మేపడం. ఎందుకంటే ఈ పురుగు గింజలో ముడుచుకుని నెలల తరబడి నిద్రపోగలదు. ఆ గింజే పత్తితోపాటు జిన్నింగ్ మిల్లుకు పోతుంది. ఆదిలాబాద్ పట్టణంలో మిల్లుల వెనక ఎండాకాలం దాకా పడి ఉండే గింజల కుప్పల్లోంచి రెక్కల పురుగులు లేచి, వానాకాలం పంట పూతకొచ్చే వేళకు దగ్గరి చేలలో వాలతాయి. మిల్లు ఆవరణలోనూ బుట్టలు కట్టాలని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మిల్లువాళ్లు అది రైతు పని అనుకుంటారు, రైతు అది మిల్లు పని అనుకుంటాడు.

డిసెంబర్‌కే పత్తి పీకెయ్యాలన్న సలహా మీద అదే జిల్లాలోని జైనథ్ వైపు ఒక రైతుతో మాట్లాడాను. ఆయనకు గులాబీ పురుగు సంగతంతా నాకంటే బాగా తెలుసు, నిద్రపోయే పురుగు గురించి కూడా. "అన్నీ నిజమే అన్నా, ఆఖరి ఏరుడు పైసలు మరి ఎవరిస్తరు?" అన్నాడు. బోరు ఉన్నవాళ్లు కట్టె పీకి మక్కో నువ్వులో వేసుకుంటారు. ఆయనకు బోరు లేదు. ఆయన యాసంగి పంటంతా జనవరిలో, ఫిబ్రవరిలో ఆ కట్టె మీద పగిలే నాలుగు కాయలే.